నిద్రపోని నావికుడు మొరాయించిన రాత్రి

నడిసముద్రంలో అర్ధరాత్రి. నలభై అడుగుల తెరచాప పడవలో ఉన్నది ఇద్దరే మనుషులు. ఒకరు గాఢనిద్రలో ఉన్నారు. రెండోవారు లోపలి గదిలో పటం ముందు కూర్చుని వేడి టీ తాగుతున్నారు. స్టీరింగు చక్రం దగ్గర ఎవరూ లేరు. అయినా పడవ గీత గీసినట్టు తన దారిన తాను సాగిపోతూనే ఉంది. వెనుకభాగంలో, చెక్కల అడుగున, ఒక చిన్న మోటారు కొన్ని క్షణాలకొకసారి మూలిగి ఊరుకుంటోంది. ఆ మూలుగు లయ తప్పనంతసేపూ భయం లేదు.

హఠాత్తుగా లయ తప్పింది. మోటారు ఆగకుండా మూలుగుతోంది, పడవ మాత్రం గాలికి ఎదురు తిరుగుతోంది. తెరచాపలు టపటపా కొట్టుకుంటున్నాయి. దూరప్రయాణాలు చేసే నావికులలో చాలామందికి ఈ ఘట్టం కొత్తదేమీ కాదు.

వారు భయపడేది మునిగిపోతామని కాదు, నిద్ర కరువవుతుందని. యంత్రం మూలబడితే ఇద్దరూ వంతులవారీగా రోజుకు చెరి పన్నెండు గంటలు చక్రం పట్టుకోవాలి. వంట, తెరచాపల పని, దారి లెక్కలు వీటికి అదనం. మూడోనాటికి కళ్ళు మూతలు పడతాయి. చిన్న లోపం పెద్ద ప్రమాదంగా మారేది సరిగ్గా అప్పుడే.

ఈ యంత్రానికి నూరేళ్ళు దాటిన చరిత్ర ఉంది. రష్యాలో పుట్టి అమెరికా చేరిన నికొలాస్ మినోర్‌స్కీ అనే ఇంజనీరు, ఓడను దానంతటదే నడిపించడం గురించి 1922లో ప్రకటించిన వ్యాసం నేటికీ ఈ శాస్త్రానికి పునాదిరాయి. ఓడ ఇప్పుడెంత దారి తప్పిందన్నది ఒక్కటే చూస్తే చాలదు; ఎంత వేగంగా తప్పుతోంది, ఇంతవరకు తప్పినది ఎంత పోగుపడింది అన్నవి కూడా లెక్కలోకి తీసుకోవాలి. అనుభవజ్ఞుడైన చుక్కానిదారు తెలియకుండానే చేసే పనిని ఆయన గణితంలోకి దించాడు. న్యూ మెక్సికో అనే అమెరికన్ యుద్ధనౌక మీద దానికి పరీక్షలు జరిగాయి.

లెక్క వేసే మెదడు ఉంటే సరిపోదు, చుక్కానిని తిప్పే కండ కూడా కావాలి. ఒక మోస్తరు పడవలలో ఆ కండ చమురే. చక్రం తిప్పితే దాని వెనుకనున్న పంపు గొట్టంలోకి చమురును నెడుతుంది. ఆ చమురు వెనుకనున్న సిలిండరులోని కడ్డీని నెడుతుంది. కడ్డీ చుక్కానిని తిప్పుతుంది. స్వయంచాలక యంత్రం ఉన్నచోట అవే గొట్టాలకు మరొక చిన్న విద్యుత్ పంపును కలుపుతారు. దిక్సూచి చెప్పినదాన్ని బట్టి అది ఎడమకో కుడికో చమురును పంపుతుంది. మూసిన పాత్రలోని ద్రవం ఒకచోట పడిన ఒత్తిడిని అన్నివైపులకూ సమానంగా అందిస్తుందని పదిహేడవ శతాబ్దంలో పాస్కల్ చెప్పిన సూత్రమే దీనికంతటికీ ఆధారం.

అనుభవజ్ఞులు ముందుగా స్పానరు జోలికి పోరు, చెవిని నమ్ముకుంటారు. మోటారు అసలు తిరగకపోతే దోషం విద్యుత్తులో ఉన్నట్టు. మోటారు తిరిగినా చుక్కాని కదలకపోతే చమురును అనుమానించాలి. రెండూ సవ్యంగా కదులుతున్నా పడవ పాములా మెలికలు తిరిగితే దిక్సూచి వైపు చూడాలి. వైద్యుడు నాడి పట్టినట్టు, ఈ ఒక్క పరీక్షతో సగం వెతుకులాట తప్పుతుంది.

ఆ రాత్రి మోటారు తిరుగుతోంది, చుక్కాని కదలడం లేదు. చేత్తో తిప్పి చూస్తే చక్రం మెత్తగా, దూదిని నొక్కినట్టు ఉంది. గొట్టాలలోకి గాలి చేరిందన్నమాట. చమురు ఒత్తిడికి కుంచించుకుపోదు, గాలి కుంచించుకుపోతుంది. పంపు ఎంత శ్రమపడినా ఆ శ్రమ బుడగలను నొక్కడానికే ఖర్చవుతుంది. గాలి ఊరికే రాదు కనుక చమురు ఎక్కడో బయటికి పోతూ ఉండాలి. సిలిండరు కడ్డీని తెల్లటి గుడ్డతో తుడిస్తే జిడ్డు అంటుకుంది, సీలు అరిగిపోయింది.

గాలిని వెళ్ళగొట్టడం ఒక్కరివల్ల అయ్యే పని కాదు. నిద్రపోతున్నవారిని లేపక తప్పదు. తెరచాపలు దించి, చక్రం దగ్గరి చమురు పాత్రను నిండుగా ఉంచుతూ ఒకరు చక్రాన్ని మెల్లగా ఒకవైపు తిప్పాలి. రెండోవారు వెనుక ఇరుకులో దూరి, సిలిండరు మీది చిన్న మరను వదులు చేసి, దానికి తగిలించిన పారదర్శకమైన గొట్టాన్ని సీసాలోకి వదలాలి. మొదట నురగ వస్తుంది, తరువాత విడివిడిగా బుడగలు, చివరికి తేటైన చమురు. అప్పుడు మర బిగించి రెండోవైపూ ఇదే తంతు. అలల మీద ఊగే పడవలో, టార్చిలైటు పళ్ళతో పట్టుకుని చేసే ఈ పని గంటో రెండు గంటలో పడుతుంది. మధ్యలో పాత్ర ఖాళీ అయితే మళ్ళీ మొదటికే వస్తుంది.

యంత్రం నడుస్తున్నప్పుడు ఎవరూ తాకని చక్రం తనంతట తానే తిరుగుతోందంటే, చమురును వెనక్కు పోనివ్వని కవాటంలో నలుసు పడిందని గుర్తు. విద్యుత్తులో తరచు దొరికే నేరస్థుడు తీగల కొసలకు పట్టిన పచ్చటి చిలుము. మోటారు ఆగి ఉన్నప్పుడు 12 వోల్టులు చూపించే తీగ, అది పని చేస్తున్నప్పుడు 10కి పడిపోవచ్చు. అందుకే నడుస్తుండగానే కొలవాలి. ఇక దిక్సూచి పక్క అరలో ఎవరో సర్దిన ఇనుప పనిముట్లో, తినుబండారాల డబ్బాలో వేలు ఖరీదు చేసే యంత్రాన్ని వెర్రిదాన్ని చేసిన ఉదంతాలు నావికులు నవ్వుతూ చెప్పుకుంటారు, నవ్వగలిగినప్పుడు.

అన్నిసార్లూ సముద్రం మధ్యలో మరమ్మతు సాధ్యం కాదు. భారత నౌకాదళానికి చెందిన ఆరుగురు మహిళా అధికారులు వర్తికా జోషి నాయకత్వాన తారిణి అనే 55 అడుగుల తెరచాప నౌకలో 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి భూప్రదక్షిణకు బయలుదేరారు. వారిలో విశాఖపట్నానికి చెందిన స్వాతి, హైదరాబాదుకు చెందిన ఐశ్వర్య ఉన్నారు. మూడు మహా అంతరీపాలనూ దాటి ఇంటిదారి పట్టిన తరువాత, 2018 ఏప్రిల్‌లో, స్టీరింగు వ్యవస్థ చెడింది. పథకంలో లేని మజిలీగా మారిషస్‌లోని పోర్ట్ లూయీలో ఆగి, బాగు చేయించుకుని, మే 21న గోవా చేరారు. 254 రోజులలో వారు తిరిగినది సుమారు 21,600 నాటికల్ మైళ్ళు.

దగ్గరలో రేవు లేనివారికి చివరి ఆధారం అత్యవసర పిడి. దాన్ని నేరుగా చుక్కాని తలకు తగిలించి చేతులతో తిప్పుతారు. అయితే సిలిండరులో చమురు బిగిసి ఉన్నంతవరకు ఆ పిడిని ఎంత బలవంతుడైనా కదిలించలేడు. చమురు ఒకవైపు నుంచి రెండోవైపుకు స్వేచ్ఛగా పోయేలా పక్కదారి కవాటాన్ని ముందుగా తెరవాలి. సాధారణంగా అది సిలిండరు పక్కనే, సామాన్ల గుట్టల వెనుక, చేయి మాత్రమే దూరే చోట ఉంటుంది.

తూరుపు తెల్లబడేసరికి ఆ ఇద్దరి పడవలో చక్రం మళ్ళీ గట్టిపడింది. యంత్రాన్ని తిరిగి పనిలో పెట్టారు. అరిగిన సీలు రేవు చేరేదాకా అలాగే ఉంటుంది కనుక, పూటకొకసారి చమురు పోయాలని పుస్తకంలో రాసుకున్నారు. తరువాత, నిద్ర మధ్యలో లేచినవారు మళ్ళీ పడుకున్నారు.