గీత దూరము – దారి దూరము

అమలాపురమునుండి రాజోలు ఎంత దూరము? ఇంటర్నెట్ పటముపై రెండూళ్లను కలుపుచు గీత గీచినచో సుమారు 21 కిలోమీటర్లు చూపును. దీనిని మనమును లెక్కింపవచ్చును. అక్షాంశముల భేదము 0.10 డిగ్రీ, రేఖాంశముల భేదము 0.17. అక్షాంశమున డిగ్రీకి 111 కిలోమీటర్లు. రేఖాంశములు ధ్రువములవైపు దగ్గరగుచుండుటచే ఇచ్చట డిగ్రీకి 107 మాత్రమే. కనుక భుజములు 11, 18 కిలోమీటర్లు. వాని వర్గములను కూడి వర్గమూలము తీసినచో 21 వచ్చును.

కాని నడుమ వైనతేయ గోదావరి కలదు. రోడ్డు వంతెన ఉన్నచోటనే నదిని దాటును. అందుచే దారి చూపునపుడు పటము రోడ్డు ముక్కల పొడవులను కూడుచు పోవును. 2002లో ఎదుర్లంక–యానాం వంతెన ఏర్పడగా అమలాపురమునుండి కాకినాడకు దారి తగ్గినది; గీత మారలేదు. రోగిని ఆసుపత్రికి చేర్చువారికి కావలసినది దారి దూరమే. కొత్తపేటకు రెండు దూరములను మీరును కట్టి చూడుడు.