జన్యు పరీక్ష – ఇంటి గుట్టు

ఇంటి గుట్టు బయటపెట్టకూడదని మన పెద్దవాళ్లు అంటూంటారు. ఆ గుట్టు మన ఉమ్మిలో కూడా ఉందని ఇప్పుడు సైన్సు చెబుతోంది. చిన్న గొట్టంలో కాస్త ఉమ్మి పోసి పంపిస్తే, ఏ జబ్బులొచ్చే అవకాశముందో, పూర్వీకులు ఏ ప్రాంతంవారో చెప్పే కంపెనీలు వెలిశాయి. దీనివల్ల మేలు లేకపోలేదు. కాని ఆ వివరాలు ఎవరి చేతిలో ఉంటాయి?

మన కణాలలో 23 జతల క్రోమోజోములుంటాయి. ప్రతి జతలోనూ ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. అంటే ఒకరు పరీక్ష చేయించుకుంటే అన్నదమ్ముల, మేనమామల సంగతులు కూడా కొంత తెలిసిపోతాయన్నమాట. వాళ్ల అనుమతి మాత్రం ఎవరూ అడగరు!

అమెరికాలోని 'ట్వంటీత్రీ అండ్ మీ' కంపెనీ సంగతే చూడండి. 2023లో దొంగలు వేరేచోట దొరికిన పాస్‌వర్డులతో దాదాపు 14,000 ఖాతాలలో దూరారు. బంధువులను చూపించే సదుపాయం ఉండడంతో సుమారు 69 లక్షలమంది వివరాలు వాళ్ల చేతికి చిక్కాయి. 2025 మార్చిలో కంపెనీ దివాలా పిటిషను వేసింది. దాదాపు కోటిన్నర మంది జన్యు వివరాలు ఆస్తి కింద అమ్మకానికొచ్చాయి. చివరకు స్థాపకులలో ఒకరు పెట్టిన సంస్థే కొనుక్కుంది.

ఇది మనకెందుకు అనుకోవద్దు. మన పోలవరం ఎగువ ఏజెన్సీలో కోయలు, కొండరెడ్లలో సికిల్ సెల్ జబ్బు ఉంది. దాని జన్యువు ఒక్కటే ఉన్న మనిషి మామూలుగా ఆరోగ్యంగానే ఉంటాడు. భార్యాభర్తలిద్దరికీ ఉంటేనే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ముందే తెలిస్తే మంచిదే. అదే కాగితం నలుగురి నోళ్లలో పడితే? ఏ జబ్బూ లేని పిల్లకు సంబంధాలు తప్పిపోతాయి.

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017లో పుట్టస్వామి కేసులో తీర్పు చెప్పింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. అయితే జన్యు వివరాలకు అందులో ప్రత్యేక రక్షణ లేదు, ఫోను నంబరుతో పాటే అదీను.

కనుక మన జాగ్రత్త మనదే. దస్తావేజు చదివించుకోకుండా ఏ రైతూ వేలిముద్ర వెయ్యడు గదా! అలాగే నమూనా ఎన్నాళ్లు దాస్తారు, ఎవరికిస్తారు, కంపెనీ చేతులు మారితే ఏమవుతుంది, అడిగితే చెరిపేస్తారా — ఇవన్నీ ముందే అడగాలి. పరిశోధనకు విడిగా అనుమతి అడిగితే, ఇష్టం లేకపోతే కాదనవచ్చు. పాస్‌వర్డు పోతే మార్చుకుంటాం. జన్యువులు పోతే మార్చుకునేదెక్కడ?