ఒక నర్సుకు ఎందరు పేషెంట్లు?

అమెరికాలో నర్సులు సమ్మెకు దిగారని వార్త వస్తే, జీతాల గొడవేమో అనుకుని పేజీ తిప్పేస్తాం. 2021 మార్చి 8న మసాచుసెట్స్ రాష్ట్రం, ఊస్టర్ నగరంలోని సెయింట్ విన్సెంట్ హాస్పిటల్ నర్సులు డ్యూటీ వదిలి రోడ్డెక్కారు. వాళ్లు అడిగింది ముఖ్యంగా ఒక అంకె. సాధారణ వార్డులో ఒక నర్సుకు నలుగురు పేషెంట్లకు మించి అప్పగించొద్దన్నారు. దీనికోసం మొదలైన సమ్మెలో దాదాపు 700 మంది 301 రోజులు బయటే ఉన్నారు. ఆ రాష్ట్రంలో నర్సులు అంతకాలం సమ్మె చేయడం అంతకుముందెన్నడూ లేదు.

నలుగురి బదులు ఐదుగురైతే కొంపేం మునుగుతుంది? వార్డులో కాసేపు నిలబడితే తెలుస్తుంది. ఒక మంచం మీద ఆపరేషన్ అయి అప్పుడే వచ్చిన మనిషి. బీపీ, పల్స్ పదేపదే చూడాలి, కట్టు తడుస్తోందేమో కనిపెట్టాలి. పక్క మంచం దగ్గర సెలైన్ పంపు మోగుతోంది. మూడో ఆయన్ని డిశ్చార్జి చేయాలి, ఏ మందు ఎప్పుడు వేసుకోవాలో ఇంట్లోవాళ్లకు అర్థమయ్యేదాకా చెప్పాలి. నాలుగో ముసలావిడ ఎవరి సాయమూ లేకుండా బాత్రూంకి లేవబోతోంది. ఇంతలో ఎమర్జెన్సీ నుంచి ఐదో కేసు పైకి వస్తోందని ఫోన్. ఆ క్షణంలో ఆ నర్సు చూడలేకపోయిన మంచం ఏదో ఒకటి ఉంటుంది.

దీన్ని లెక్కగట్టి చూపినవాళ్లూ ఉన్నారు. నర్సింగ్ పరిశోధకురాలు లిండా ఐకెన్ బృందం పెన్సిల్వేనియాలోని 168 ఆసుపత్రుల్ని పరిశీలించి 2002లో అధ్యయనం ప్రచురించింది. ఆపరేషన్ చేయించుకున్నవాళ్ల విషయంలో, నర్సుకు ఒక్కో పేషెంటు పెరిగినకొద్దీ 30 రోజుల్లోపు చనిపోయే అవకాశం 7 శాతం చొప్పున ఎక్కువగా కనిపించిందని తేల్చింది. నర్సుల సంఘాలు ఇప్పటికీ చర్చలకు వెళ్లేటప్పుడు ఈ పరిశోధనను వెంటబెట్టుకెళ్తాయి.

కాలిఫోర్నియా ఈ అంకెను చట్టంలోనే పెట్టేసింది. 1999లో చట్టం చేసి 2004 నుంచి అమల్లోకి తెచ్చింది. మసాచుసెట్స్‌లో ఐసీయూలకు మాత్రం 2014లో చట్టం వచ్చింది. మిగతా వార్డులకూ పరిమితి పెట్టాలా అని 2018లో ఓటర్లనే అడిగితే, దాదాపు 70 శాతం మంది వద్దన్నారు. చిన్న ఆసుపత్రులు మూతపడతాయని యాజమాన్యాలు చేసిన ప్రచారం గట్టిగానే పనిచేసింది. బ్యాలెట్ పెట్టెలో దొరకనిదాన్ని నర్సులు ఇక ఒప్పందాల బల్ల దగ్గరే తేల్చుకోవాల్సి వచ్చింది.

ఆ బల్ల దగ్గర యాజమాన్యం వాదన కొట్టిపారేసేది కాదు. పేషెంట్లు చెప్పి రారు, నర్సులు కావాలన్నప్పుడు దొరకరు, అంకె బిగించేస్తే ఖాళీ మంచం ఉండీ రోగిని తిప్పి పంపాల్సి వస్తుందంటారు. సెయింట్ విన్సెంట్‌ను నడిపే టెనెట్ హెల్త్‌కేర్ అయితే తమ దగ్గర నర్సుల సంఖ్య ఆ రాష్ట్రంలోని చాలా ఆసుపత్రులకు తీసిపోదని చెబుతూనే వచ్చింది.

ఆసుపత్రిలో సమ్మె ఫ్యాక్టరీలో సమ్మెలాంటిది కాదు. 1974లో సవరించిన కార్మిక చట్టం ప్రకారం సంఘం కనీసం 10 రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. ఆ పది రోజులూ ఆసుపత్రికి ఊపిరి సలపదు. 2023 జనవరిలో న్యూయార్క్‌లో మౌంట్ సైనాయ్, మాంటెఫియోర్ ఆసుపత్రుల నర్సులు దాదాపు 7,000 మంది సమ్మెకు సిద్ధమైనప్పుడు, మౌంట్ సైనాయ్ యాజమాన్యం ఐసీయూలోని పసికందుల్ని ముందుగానే వేరే ఆసుపత్రులకు తరలించడం మొదలుపెట్టింది. బదులు నర్సుల్ని సరఫరా చేసే ఏజెన్సీలు చాలాచోట్ల ఐదు రోజులకు తక్కువైతే ఒప్పుకోవు. అందుకే ఒక్కరోజు సమ్మె చేసిన నర్సులు మర్నాడు పనికి వస్తే, ఇంకో నాలుగు రోజులు గేటు బయటే నిలబెట్టడం అక్కడ మామూలే.

అంతకంటే పెద్ద ఆయుధం ఇంకొకటి యాజమాన్యాల చేతిలో ఉంది. 1938లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు పుణ్యమా అని, జీతాలు, పని షరతుల కోసం సమ్మె చేస్తున్నవాళ్ల స్థానాల్లో కొత్తవాళ్లను శాశ్వతంగా తీసుకోవచ్చు. టెనెట్ అదే చేసింది. దాంతో విచిత్రమైన పరిస్థితి వచ్చింది. ఆగస్టుకల్లా పేషెంట్ల సంఖ్య మీద ఇరుపక్షాలూ దాదాపు ఒక మాట మీదికి వచ్చాయి. అయినా సమ్మె ఆగలేదు. ఏళ్ల తరబడి పనిచేసిన వార్డుకు, అదే షిఫ్టుకు తిరిగి వెళ్లనిస్తారా లేదా అన్న దగ్గర మరో నాలుగు నెలలు గడిచాయి. అప్పటి కేంద్ర కార్మిక మంత్రి మార్టీ వాల్ష్ కూర్చుని రాజీ కుదిర్చాక, డిసెంబరులో గానీ ముడి వీడలేదు. 2022 జనవరి 3న ఓటింగ్ జరిగింది. అనుకూలం 487, వ్యతిరేకం 9. నర్సులకు పాత స్థానాలు దక్కాయి, కొత్తగా చేరినవాళ్ల ఉద్యోగాలూ పోలేదు.

అంకెను కాగితం మీదికి ఎక్కించడం ఒక ఎత్తు, ఫలానా మంగళవారం రాత్రి ఇద్దరు నర్సులు సెలవు పెట్టినప్పుడు కూడా దాన్ని నిలబెట్టడం మరో ఎత్తు. ఈ రెండోదాంట్లోనే న్యూయార్క్ నర్సులు ముందడుగు వేశారని చెప్పాలి. పని మించిపోయిన షిఫ్టులో నర్సు అభ్యంతరం రాసి ఇచ్చే ఫారం అక్కడ చాలాకాలంగా ఉంది. ఆ షిఫ్టులో ఎందరు పేషెంట్లు, ఎందరు నర్సులు అన్నది అందులో రాస్తారు. పై అధికారి ఫైలులో పడి ఉండే ఆ కాగితాలకు, నర్సుల కొరత గొడవల్ని తేల్చే మధ్యవర్తి దగ్గర విలువ పెరిగింది. 2023లో సమ్మె మూడు రోజుల్లో ముగిసింది, మూడేళ్లలో 19 శాతం దాకా జీతాలూ పెరిగాయి. కొన్ని నెలలకే, మౌంట్ సైనాయ్‌లో పసికందుల ఐసీయూలో నర్సులు తక్కువయ్యారని తేల్చిన మధ్యవర్తి, చాలని మనుషులతోనే పని నెట్టుకొచ్చిన నర్సులకు 1.27 లక్షల డాలర్లు చెల్లించమన్నాడు. అంత పెద్ద సంస్థకు అది చిల్లర కిందే లెక్క. కానీ మనిషి తక్కువైతే మిగిలే జీతం యాజమాన్యానికి లాభంగా కాక ఖర్చుగా మారడం అన్నది చిన్న విషయం కాదు.

న్యూజెర్సీలో తెలుగువాళ్లకు బాగా తెలిసిన ఎడిసన్ పక్కనే, న్యూబ్రన్స్‌విక్‌లోని రాబర్ట్ వుడ్ జాన్సన్ ఆసుపత్రిలో అదే ఏడాది ఆగస్టు నుంచి డిసెంబరు దాకా దాదాపు 1,700 మంది నర్సులు చేసిన సమ్మెలోనూ పట్టు ఈ అంకె దగ్గరే.

మన దేశంలో పోరు ఇంకా జీతం మెట్టు మీదే ఉంది. సుప్రీంకోర్టు ఆదేశాల మేరకు 2016లో వేసిన కమిటీ, 50 పడకల లోపు ప్రైవేటు ఆసుపత్రిలోనైనా నర్సుకు నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదని సిఫార్సు చేసింది. గట్టి సంఘం ఉన్న కేరళలో సమ్మెలు, కోర్టు కేసుల తర్వాత 2018లో ఆ మొత్తం కనీస వేతనంగా ఉత్తర్వుల్లోకి ఎక్కింది.

ఇక 2023 నాటి న్యూయార్క్ ఒప్పందానికి మూడేళ్లే గడువు. 2025 చివరితో అది తీరిపోయింది. 2026 జనవరి 12న మళ్లీ పికెట్ లైన్లు వెలిశాయి. ఈసారి న్యూయార్క్ ప్రెస్బిటేరియన్ ఆసుపత్రి నర్సులు కూడా చేరడంతో సమ్మె చేసేవాళ్ల సంఖ్య 15 వేలకు దగ్గరైంది. నర్సుల సంఖ్యతో పాటు, డ్యూటీలో జరిగే దాడుల నుంచి రక్షణ కూడా ఈసారి డిమాండ్లలో చేరింది.