ఎముకల గుల్లదనము - ముందుగా తెలిసికొను పరీక్ష

ముప్పది యేండ్లు నాట్లు వేసి, కలుపు తీసి, గడ్డిమోపులు మోసిన యిల్లాలు పెరటిలో కాలుజారి పడును. పడిన యెత్తు మూరెడైనను ఉండదు. తుంటి మాత్రము విరుగును. వయసు మీరినదని సరిపెట్టుకొందుము. కాని యామెకు అరువది యేండ్లైనను నిండియుండవు.

హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన డాక్టరు వీణా శత్రుఘ్న మున్నగువారు తక్కువ రాబడిగల కుటుంబములలోని 289 మంది స్త్రీలను, 30 మొదలు 60 యేండ్ల వయసువారిని, పరీక్షించి 2005లో ఫలితములను ప్రకటించిరి. తొడయెముక మెడభాగమున నూటికి సుమారు 29 మందికి ఎముక గుల్లబారియుండెను. వారి ఆహారములోని కాల్షియము దినమునకు 270 మిల్లీగ్రాములు మాత్రమే. పెద్దలకు 1,000 కావలయునని 2020లో ఆ సంస్థయే నిర్ణయించినది.

కాయకష్టము చేయువారి ఎముకలు గట్టివని మనలో నమ్మిక కలదు. అది సగము నిజము. బరువు మోసినచో ఎముక బలపడును. కాని ఇటుకయు సున్నమును లేనిదే మేస్త్రి గోడ కట్టగలడా? పాలన్నియు కేంద్రమునకు పోసి, ఇంటివారికి నీళ్ల టీ మిగుల్చు అలవాటును మేము మెచ్చజాలము. రాగులు నూరు గ్రాములలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియము కలదు.

పల్లె విడిచి మూసాపేట, కూకట్‌పల్లి ప్రాంతములలో కాపురమున్న మన పిల్లల చిక్కు వేరు. హైటెక్ సిటీ కార్యాలయములలో పగలంతయు కూర్చున్నవారికి ఎండ తగులదు. ఎండ లేనిదే చర్మమున డి విటమిను పుట్టదు. అది చాలనిచో తిన్న కాల్షియము సరిగా వంటబట్టదు.

గుల్లదనమునకు నొప్పి లేదు. సాధారణ ఎక్సురే చిత్రమున అది కనబడునప్పటికి ఎముక సాంద్రత సుమారు మూడవవంతు తరిగియుండును. ముందుగా పట్టునది డెక్సా పరీక్ష. రోగి బల్లపై పావుగంట పడుకొనిన చాలును; సూది లేదు, కోత లేదు. వెన్ను, తుంటి కొలిచి టి-స్కోరు అను అంకె నిత్తురు. ఋణ 1కి పైనున్న మేలు. అచటినుండి ఋణ 2.5 వరకు తరుగుదల, ఋణ 2.5 గాని అంతకు తక్కువ గాని యైన గుల్లదనమే. శిబిరములలో మడమకు చేయు ధ్వనితరంగ పరీక్ష అనుమానమునకే గాని నిర్ధారణకు చాలదు. దానిని నమ్మి మందులు కొనవలదు.

అరువదియైదేండ్లు దాటిన స్త్రీలందరును, అంతకు ముందే ముట్లుడిగినవారిలో చిన్న దెబ్బకు ఎముక విరిగినవారును, చిరకాలము స్టీరాయిడు మందులు వాడినవారును వైద్యుని అడిగి పరీక్ష చేయించుకొనవలయును. మరియొక మాట స్పష్టముగా చెప్పవలసియున్నది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము గర్భసంచి తీయించుకొన్న స్త్రీలు దేశములోకెల్ల ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలోనే అధికము. చిన్నవయసున అండాశయములు కూడ తీసివేసినచో ఎముక త్వరగా తరుగును. అట్టివారు అరువదియైదు వచ్చువరకు ఆగరాదు.

పిల్లలను చూడ మూసాపేటకు పోయినపుడు తల్లులు ఒకపూట ఇందుకు కేటాయింపవచ్చును. నగరములోని పెద్ద వైద్యశాలలలో ఈ యంత్రము దొరకును. ఫలితపు కాగితమును పట్టా పాసుపుస్తకముతోపాటు భద్రపరుపుడు. మరల పరీక్షించునపుడు వీలైనచో అదే యంత్రముపై చేయించి, పాత అంకెతో పోల్చి చూడుమని వైద్యుని కోరుడు.