బొగ్గు వ్యాగన్‌లో సగం ఎటు పోయింది?

బిలాస్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కేంద్రం. కోర్బా బొగ్గును మోసుకెళ్లే గూడ్సు బళ్లు అక్కడి పిల్లలకు చిన్నప్పటి నుంచీ పరిచయమే. రైల్వే ఉద్యోగాల కోసం ఉత్తరాంధ్ర నుంచి వెళ్లి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు ఆ ఊళ్లో ఉన్నాయి. అలాంటి ఇంట్లో పెరిగిన మా మేనల్లుడు, పాఠశాల సైన్స్ ప్రదర్శన కోసం కంప్యూటర్‌లో బొగ్గు వ్యాగన్ త్రీడీ నమూనా చేశాడు. దాన్ని అలవాటు లేని మరో సాఫ్ట్‌వేర్‌లోకి తేగానే వెనక సగం దెబ్బతింది. దగ్గరి గోడ మాయమై, దూరపు గోడ లోపలివైపు కనిపిస్తోంది.

"ఫైలు పాడైపోయింది మావయ్యా. రెండ్రోజులే టైముంది, మళ్లీ మొదట్నుంచీ గీయాలి" అన్నాడు ఫోన్‌లో.

నిజానికి ఫైలు పాడవలేదు. గోడలన్నీ ఉన్నాయి. బయటివైపు ఏదో కంప్యూటర్‌కు తారుమారుగా చేరింది, అంతే.

బాణం ఎటు చూస్తోంది?

త్రీడీ నమూనా ఉపరితలం చిన్న చిన్న త్రిభుజాలు, చతుర్భుజాలతో ఏర్పడుతుంది. ప్రతి ముక్కకూ లంబంగా నిలబడే ఒక ఊహా బాణం ఉంటుంది. మన పాఠ్యపుస్తకాల్లో దాని పేరు అభిలంబం, సాఫ్ట్‌వేర్ మెనూల్లో ‘నార్మల్’. అది ఎటు చూడాలో శీర్షాల వరుస చెబుతుంది. కుడిచేతి వేళ్లను ఆ వరుసలో ముడిస్తే బొటనవేలు చూపేదే అభిలంబం దిశ.

ఈ బాణంతో కంప్యూటర్‌కు రెండు అవసరాలు. మొదటిది వెలుతురు లెక్క. లాంబర్ట్ 1760లో వివరించిన సూత్రం ప్రకారం, ఉపరితలంపై పడే వెలుతురు కాంతి దిశకూ అభిలంబానికీ మధ్య కోణపు కొసైన్‌ను బట్టి మారుతుంది. కోణం 60 డిగ్రీలైతే వెలుతురు సగమే. బాణం తిరగబడితే కొసైన్ రుణాత్మకమై, ఎండలో ఉండాల్సిన గోడ నల్లబడుతుంది. రెండోది పని తగ్గించుకోవడం. మూసిన పెట్టెలో మనకు వీపు చూపే గోడలు ఎలాగూ కనిపించవు. అందుకే గేమ్ సాఫ్ట్‌వేర్లు సాధారణంగా వాటిని గీయవు. మావాడి వ్యాగన్ గోడ మాయమైంది ఇందుకే.

అద్దంలో కుడిచేయి

మరి ఒక్క సగమే ఎందుకు తిరగబడింది? వాడు ముందు సగం గీసి, వెనక సగాన్ని అద్దంలో ప్రతిబింబంలా తయారుచేశాడు. అద్దంలో కుడిచేయి ఎడమచేయిగా కనిపించినట్టే, ప్రతిబింబంలో శీర్షాల వరుస కూడా తిరగబడుతుంది. మొదటి సాఫ్ట్‌వేర్ గోడలకు రెండు వైపులూ గీసేది కాబట్టి తేడా బయటపడలేదు. అక్షాల పద్ధతి మారినా ఇదే చిక్కు రావచ్చు: బ్లెండర్‌వి కుడిచేతి అక్షాలు, యూనిటీవి ఎడమచేతివి.

సరిచేయడం ఎలా?

ఫైలును బ్లెండర్‌లో తెరిచి ‘ఫేస్ ఓరియెంటేషన్’ ఆన్ చేయమన్నాను. తిరగబడ్డ ముక్కలు ఎర్రగా కనిపిస్తాయి. వెనక సగమంతా ఎరుపే! అన్నింటినీ ఎంచుకుని షిఫ్ట్, ఎన్ మీటలు కలిపి నొక్కితే సాఫ్ట్‌వేర్ దిశలను మళ్లీ లెక్కిస్తుంది. దీని వెనక సూత్రం తేలికైనదే. పక్కపక్క ముక్కలు రెండూ ఒకే వైపు చూస్తుంటే, వాటి ఉమ్మడి అంచు మీద శీర్షాల వరుసలు ఎదురెదురుగా సాగుతాయి. ఒక ముక్క దిశ ఖాయమైతే పొరుగు ముక్కల దిశలూ వరుసగా తేలిపోతాయి. అయితే ముక్కలు నిజంగా అతుక్కుని ఉండాలి. మావాడి రెండు సగాలూ ఆనుకుని ఉన్నాయే కానీ అతుక్కోలేదు. కాబట్టి ముందు ఒకే చోట ఉన్న శీర్షాలను కలిపి, తర్వాత దిశలను లెక్కించాలి.

బయటివైపు బాగుపడింది. కానీ పైనుంచి చూస్తే ఈసారి లోపలి గోడలు లేవు! బొగ్గు వ్యాగన్‌కు పైకప్పు ఉండదు. మందం లేని గోడకు ఒక్క వైపే ‘ముఖం’. అసలు వ్యాగన్ రేకుకు ఉన్నట్టే నమూనా గోడకూ కాస్త మందం ఇచ్చాక రెండు వైపులూ వచ్చాయి.

ఇలా మూసుకున్న నమూనాకు ఒక పరీక్ష ఉంది: ఘనపరిమాణం. 2 సెంటీమీటర్ల ఘనానికి అభిలంబాలన్నీ బయటికుంటే లెక్క 8 ఘన సెంటీమీటర్లు వస్తుంది, అన్నీ లోపలికుంటే మైనస్ 8. త్రీడీ ప్రింటర్‌కు పంపేముందు ఈ గుర్తు చూసుకుంటే ప్లాస్టిక్ వృథా కాదు.

మళ్లీ గీయాలనుకున్న వ్యాగన్ ఆ సాయంత్రమే సిద్ధమైంది. దిగుమతి చేసిన నమూనా చిల్లులు పడినట్టు కనిపిస్తే, చెరిపేసే ముందు బాణాలు ఎటు చూస్తున్నాయో చూడండి.