ఒకరికి పూలవాసన, ఇంకొకరికి తలనొప్పి: పౌడర్ ఖుష్బూ సెంట్ల సంగతి ఏంటి?

గల్ఫ్ నుంచి సెలవు మీద ఇంటికొచ్చేవాళ్ల సూట్‌కేసులో ఖర్జూరాలు, చాక్లెట్లతో పాటు ఒక లేడీస్ సెంటు బాటిల్ ఉండటం మన ఇళ్లలో మామూలే. సాంచక్‌లో దుల్హన్‌కు పంపే సామాన్లలో కూడా బట్టలు, నగల పక్కన సెంటు కనిపిస్తుంది. ఖర్చు తక్కువేమీ కాదు. కానీ మూత తీశాక వచ్చే మాటలు ఒకేలా ఉండవు. ఒకరు "మాషా అల్లాహ్, ఎంత మెత్తగా ఉంది" అంటారు. ఇంకొకరు "చంటిపిల్లల పౌడర్ డబ్బాలా ఉందేంటి" అంటారు. మూడో ఆవిడ ఏమీ అనదు, బాటిల్ తీసి బీరువాలో పెట్టేస్తుంది. ఆమెకు తల నొస్తోంది. తెచ్చినవాళ్ల మనసు నొప్పించడం ఇష్టం లేక ఊరుకుంది.

ఇలాంటి పేచీ ఎక్కువగా వచ్చేది పూల వాసన, పౌడర్ వాసన కలిసిన సెంట్లతోనే. కంపెనీలు వీటిని ‘పౌడరీ ఫ్లోరల్’ అంటాయి. ఒకే బాటిల్ గురించి ఇన్ని రకాల మాటలు ఎందుకొస్తాయి? ఎవరి మాట నిజం? అసలు జవాబు ఏమిటంటే, అందరి మాటా నిజమే. దానికి కారణాలున్నాయి.

గసగసాల పువ్వు మీద కట్టిన సెంటు

ఉదాహరణకు ఈ రకంలో బాగా పేరున్న ‘ఫ్లవర్ బై కెంజో’నే తీసుకుందాం. ఇది 2000లో వచ్చింది. తయారుచేసింది స్పెయిన్‌లో పుట్టిన పర్‌ఫ్యూమర్ అల్బెర్టో మొరియాస్. కొంచెం వంగినట్టుండే పొడుగాటి గాజు సీసా, లోపల ఎర్రటి పువ్వు బొమ్మ. ఆ సీసాను డిజైన్ చేసింది సెర్జ్ మన్సో. చూస్తే చాలామంది గుర్తుపడతారు.

ఆ ఎర్ర పువ్వు పాపీ. మన వంటింట్లో మసాలాకు నూరే గసగసాలు ఇచ్చే మొక్కకు ఇది దగ్గరి చుట్టం. తమాషా ఏమిటంటే ఈ ఎర్ర పాపీకి చెప్పుకోదగ్గ వాసనే ఉండదు. అంటే సీసా మీద కనిపించే పువ్వు వాసన లోపల లేదు. లేని వాసనను ఊహించి గులాబీ, వయొలెట్, వనిల్లా, వైట్ మస్క్‌లతో కట్టారు. పౌడర్ గుణం వచ్చింది ఈ కలయిక నుంచే.

దీన్ని వాడినవాళ్ల మాటలు స్థూలంగా నాలుగు రకాలు. మొదటి రకం వాళ్లు స్నానం చేసి ఉతికిన బట్టలు కట్టుకున్నట్టుంది, శుభ్రంగా ఉంది, మనసుకు హాయిగా ఉంది అంటారు. రెండో రకం వాళ్లకు అమ్మమ్మ, నానీమా కాలం మేకప్ డబ్బా గుర్తొస్తుంది. అందులో కొందరు ప్రేమగా అంటే, కొందరు "ముసలివాళ్ల సెంటు" అని మూతి విరుస్తారు. మూడో రకం వాళ్లు తియ్యదనం గొంతుకు అడ్డం పడినట్టుంది, తలనొప్పి వస్తోంది అంటారు. నాలుగో రకం వాళ్ల ఫిర్యాదే వింతగా ఉంటుంది: "పది నిమిషాల్లో వాసన పోయింది" అని వాళ్లు చెబుతుంటే, పక్కనున్నవాళ్లు "సాయంత్రం దాకా నీ దగ్గర ఘుమఘుమలాడుతూనే ఉంది కదా" అంటారు.

పౌడర్ వాసన అంటే అసలు ఏమిటి?

టాల్కమ్ అనేది ఒక రాయి పొడి. దానికి తనకంటూ గట్టి వాసన ఏమీ ఉండదు. మనం పౌడర్ వాసన అనుకునేది కంపెనీలు ఆ పొడిలో కలిపే సెంటునే. యూరప్‌లో పాతకాలంలో జుట్టుకు, ముఖానికి వాడే పౌడర్లలో ఐరిస్ అనే మొక్క దుంపను ఎండబెట్టి పొడి చేసి కలిపేవాళ్లు. తర్వాత ఫేస్ పౌడర్లకు, లిప్‌స్టిక్‌లకు ఐరిస్, వయొలెట్, గులాబీ వాసనలు అలవాటయ్యాయి. పిల్లల పౌడర్లలో వనిల్లా, మస్క్ లాంటి మెత్తటి వాసనలు వచ్చాయి. అందుకే ఈ వాసనలు ఒకచోట కలిస్తే చాలు, మన మెదడు "పౌడర్" అని చెప్పేస్తుంది. సీసాలో పౌడర్ లేదు, ఉన్నది మన జ్ఞాపకం.

వయొలెట్ పువ్వు నుంచి తైలం తీయడం చాలా ఖరీదైన పని, పువ్వులు బోలెడు కావాలి, వచ్చేది చుక్కలు. 1893లో జర్మనీలో టీమన్, క్రూగర్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు అయొనోన్ అనే పదార్థం తయారుచేసి ఆ సమస్య తీర్చారు. దాని వాసన అచ్చం వయొలెట్‌లా ఉంటుంది. దీనికి ముడిసరుకు సిట్రాల్. అది నిమ్మగడ్డి నూనెలో దండిగా దొరుకుతుంది. కేరళ నుంచి ఎగుమతయ్యే నిమ్మగడ్డి నూనెకు అలా గిరాకీ ఏర్పడింది. అంటే పారిస్ సెంటు వాసన వెనక మన దక్షిణాది గడ్డి కూడా ఉంది.

ఇక వైట్ మస్క్. ‘ముష్క్’ మనకు కొత్త మాట కాదు. ఖుర్ఆన్ 83వ సూరాలో స్వర్గవాసుల పానీయం గురించి చెప్పేచోట కస్తూరి ప్రస్తావన ఉంది. అసలు కస్తూరి మగ కస్తూరి జింక పొట్ట దగ్గరి గ్రంథి నుంచి వస్తుంది. దాని కోసం జింకల్ని విపరీతంగా వేటాడారు. ఇప్పుడు మన దేశంలో కస్తూరి జింకకు 1972 వన్యప్రాణి చట్టం కింద రక్షణ ఉంది. షాపుల్లో ‘వైట్ మస్క్’ పేరుతో అమ్మేది ల్యాబ్‌లో చేసిన సరుకు. మొదటి కృత్రిమ మస్క్‌ల్లో ఒకటి 1888లో ఆల్బర్ట్ బావర్ అనే ఆయనకు పేలుడు పదార్థాల మీద ప్రయోగాలు చేస్తుండగా అనుకోకుండా దొరికింది.

ముక్కు ముక్కుకీ తేడా

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మన ముక్కులో వాసనల్ని పట్టే రిసెప్టర్లు కొన్ని వందల రకాలు ఉంటాయి. ఇవి జన్యువుల్ని బట్టి తయారవుతాయి, అందరికీ ఒకేలా ఉండవు. బీటా అయొనోన్ అనే వయొలెట్ వాసన మీద 2013లో ఒక పరిశోధన వెలువడింది. ఓఆర్5ఏ1 అనే ఒక్క జన్యువులో తేడా వల్లే ఆ వాసన కొందరికి బాగా తెలుస్తుందని, కొందరికి చాలా తక్కువగా తెలుస్తుందని అందులో తేలింది. బాగా తెలిసేవాళ్లు దాన్ని పూల పరిమళం అన్నారు. తెలియనివాళ్లు పుల్లగా, వెనిగర్‌లా, ఘాటుగా ఉందన్నారు. ఒకే పదార్థం, రెండు ముక్కులు, రెండు వేర్వేరు వాసనలు.

మస్క్‌తోనూ ఇంతే. మిగతా వాసనలన్నీ బాగా తెలిసేవాళ్లలో కూడా కొందరికి కొన్ని కృత్రిమ మస్క్‌లు అస్సలు అందవు. అలాంటివాళ్లకు సెంటులో మస్క్ భాగం ఖాళీగా ఉంటుంది. అందుకే వాళ్లకు సెంటు పలచగా, త్వరగా ఎగిరిపోయినట్టు అనిపిస్తుంది. పైగా అయొనోన్‌కు ఇంకో గుణం ఉంది, ముక్కు దానికి తొందరగా అలసిపోతుంది. వాసన మాయమైనట్టుండి, కాసేపటికి మళ్లీ వస్తుంది. "పోయింది" అనుకుని మళ్లీ మళ్లీ కొట్టుకునేవాళ్లు జాగ్రత్త. మీకు తెలియడం లేదు గానీ, ఆటోలో పక్కన కూర్చున్నవాళ్లకు ఊపిరాడటం లేదు.

అందుకే కోడలికి తలనొప్పి అంటే అది నఖ్రా కాదు. అత్తగారికి వాసన తెలియడం లేదంటే అది వయసు వల్లేనని కూడా అనుకోనక్కర్లేదు. కొవిడ్ తర్వాత వాసనలు తారుమారైనవాళ్లు కూడా మన ఇళ్లలో ఉన్నారు. ఆస్తమా, మైగ్రేన్ ఉన్నవాళ్లకు ఘాటు సెంట్లు నిజంగానే ఇబ్బంది తెస్తాయి. ఆ ఇంట్లో గదిలో కొట్టకుండా ఉండటమే మంచిది.

ఎండ, చర్మం, కాలం

చల్లటి దేశంలో మెత్తగా ఉండే సెంటు హైదరాబాద్ మే నెలలో అలాగే ఉండదు. ఎండ 40 డిగ్రీలు దాటితే సెంటు వేగంగా ఆవిరవుతుంది, వనిల్లా తియ్యదనం ఒక్కసారిగా మీద పడినట్టు అనిపిస్తుంది. విజయవాడ ఉక్కపోతలో చెమట కూడా తోడవుతుంది. పౌడర్ సెంట్లు మనకు బాగా కుదిరేది వానలు పడ్డాక, చలికాలంలో, ఏసీ గదుల్లో. ఎండాకాలంలో నాలుగుసార్లు కొట్టేచోట ఒక్కసారి చాలు.

చర్మం పొడిగా ఉంటే సెంటు నిలవదు. ముందు వాసన లేని లోషనో, వాజిలీనో కొంచెం రాసుకుంటే తేడా తెలుస్తుంది. లోపల వాసన ఉన్న టాల్కమ్, పైన సెంటు రెండూ కలిపితే మాత్రం కిచిడీ అవుతుంది.

చాలా ఏళ్లుగా ఒకే సెంటు వాడేవాళ్లు "ఇదివరకటిలా లేదు" అనడం కూడా వింటాం. కొన్నిసార్లు అది నిజమే. చర్మానికి, ఆరోగ్యానికి సంబంధించిన నియమాలు మారినప్పుడు కంపెనీలు ఫార్ములా మారుస్తాయి. లిలియల్ అనే పదార్థాన్ని పూల సెంట్లలో విరివిగా వాడేవాళ్లు. యూరోపియన్ యూనియన్ దాన్ని 2022 మార్చి 1 నుంచి నిషేధించింది. సీసా అదే, పేరు అదే, లోపల సరుకు కొంచెం వేరు కావొచ్చు.

దీన్ వైపు నుంచి

ఖుష్బూ మన దీన్‌లో ఇష్టమైన విషయమే. జుమా రోజు గుస్ల్ చేసి అత్తరు రాసుకోవడం మగవాళ్లకు సున్నత్. ఆడవాళ్లు పరాయి మగవాళ్లకు వాసన తగిలేలా పూసుకుని బయటికి వెళ్లవద్దని హదీసుల్లో వచ్చింది. ఇంట్లో, భర్త దగ్గర, ఆడవాళ్ల మధ్య వాడుకోవచ్చని ఉలమాలు చెబుతారు. ఇక్కడ ఒక చిన్న సంగతి గుర్తుంచుకోవాలి. మస్క్ బట్టలో రోజుల తరబడి నిలుస్తుంది. జనానాలో దావత్‌కు కొట్టుకున్న సెంటు మర్నాడు బజారుకు వేసుకెళ్లే బుర్ఖాలో కూడా ఉంటుంది. బుర్ఖా మీద కాకుండా, లోపలి బట్టల మీదో, ఒంటి మీదో తక్కువగా వాడితే ఈ ఇబ్బంది ఉండదు.

స్ప్రే సెంట్లలో ఎక్కువ భాగం ఇథైల్ ఆల్కహాల్. ద్రాక్ష, ఖర్జూరంతో చేయని ఆల్కహాల్ పైపైన వాడితే నజిస్ కాదని చాలామంది హనఫీ ఉలమాలు అంటారు. జాగ్రత్త కోసం వద్దనేవాళ్లూ ఉన్నారు. మీకు నమ్మకమున్న ఆలిమ్‌ను అడిగి నిర్ణయించుకోండి. ఆల్కహాల్ వద్దనుకుంటే గులాబ్, మస్క్ అత్తర్లలోనూ ఈ మెత్తటి పౌడర్ వాసన దొరుకుతుంది. భర్త చనిపోయి ఇద్దత్‌లో ఉన్న 4 నెలల 10 రోజులు, అలాగే ఇహ్రామ్‌లో ఉన్నప్పుడు సువాసనలు వాడకూడదు. ఉమ్రాకు వెళ్లేవాళ్లు వాసన సబ్బు, పౌడర్ కూడా చూసుకోవాలి.

ఇంకో జాగ్రత్త. ఆల్కహాల్ ఇట్టే అంటుకుంటుంది. ఊదు, లోబాన్ బొగ్గుల పక్కన, పొయ్యి దగ్గర స్ప్రే కొట్టొద్దు.

కొనేముందు లెక్క

50 మిల్లీలీటర్ల బాటిల్ రూ. 6,000 అనుకుందాం. మిల్లీలీటరుకు రూ. 120. ఒక్క స్ప్రేకు సుమారు 0.1 మిల్లీలీటరు పడితే, ఒక్కోటి రూ. 12. రోజుకు మూడుసార్లంటే రూ. 36, బాటిల్ వచ్చేది అయిదున్నర నెలలు. నచ్చి వాడితే ఈ లెక్క పరవాలేదు. నచ్చక బీరువాలో పడి ఉంటే ఆరు వేలూ పోయినట్టే, ఎందుకంటే వెలుతురు, వేడి తగిలితే సెంటు రంగు మారుతుంది, వాసనా చెడుతుంది.

షాపులో కాగితం పట్టీ మీద వాసన చూసి కొనొద్దు. మొదటి పది నిమిషాల్లో వచ్చేది త్వరగా ఎగిరిపోయే భాగం. పౌడర్, మస్క్ తర్వాత బయటపడతాయి. మణికట్టు మీద ఒక్కసారి కొట్టించుకుని, రుద్దకుండా, ఇంటికి వెళ్లి సాయంత్రం దాకా చూడండి. దురద, ఎర్రబడటం ఉంటే అక్కడే ఆగండి. 2 మిల్లీలీటర్ల శాంపిల్ దొరికితే ఇంకా మంచిది, ఇరవై స్ప్రేలు వస్తాయి. వారంలో సంగతి తేలిపోతుంది.

మన దేశంలో కొంటే పెట్టె మీద దిగుమతిదారు పేరు, చిరునామా, ఎమ్మార్పీ ఉన్నాయా చూడండి. జీఎస్టీ బిల్లు అడగండి. సగం ధరకు ‘ఒరిజినల్’ అంటే అనుమానించాల్సిందే. మోసపోతే బిల్లు దగ్గర పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు.

కానుక ఇచ్చేవాళ్లకు చివరి మాట. రియాద్ నుంచో, దుబాయ్ నుంచో తేవాలనుకుంటే ముందే ఫోన్‌లో "నీకు పౌడర్ వాసన పడుతుందా?" అని అడగండి. కానుక తీసుకున్నవాళ్లు కూడా తల నొస్తుంటే దాచుకోకుండా చెప్పండి. "నాకు పడటం లేదు" అంటే మీ ప్రేమను కాదన్నట్టు కాదు. ఆ బాటిల్ పడే ముక్కు అదే ఇంట్లో ఇంకొకరికి ఉండొచ్చు, వాళ్లకు ఇచ్చేయండి.