చిన్నపిల్లల బడిలో మొదటి ఇంటర్వ్యూ: దడ తగ్గేదెలా?

పక్క వీధిలో ఉన్న ప్లేస్కూలు నుంచి ఫోను వచ్చింది. వచ్చే సోమవారం పదిగంటలకు ఇంటర్వ్యూకి రమ్మన్నారు. ఇంట్లో అందరికీ సంతోషమే. మీకు మాత్రం ఆ క్షణం నుంచీ అన్నం సయించడం లేదు. అరచేతులకు చెమటలు పడుతున్నాయి. రాత్రి రెండింటికి మెలకువ వచ్చి, ‘ఏమడుగుతారో, అసలు నాకు నోరు పెగులుతుందో లేదో’ అని ఒకటే ఆలోచన. ‘చిన్నపిల్లలకి అఆలు చెప్పడానికి ఇంత భయమేమిటే!’ అని అన్నయ్యో, అత్తగారో నవ్వితే ఉక్రోషం కూడాను.

ముందుగా ఒక మాట. ఇది జబ్బు కాదు. మీ పిరికితనమూ కాదు.

ఈ దడ ఎందుకు వస్తుంది?

మన మూత్రపిండాల మీద చిన్న టోపీల్లా రెండు గ్రంథులున్నాయి. వీటిని ఎడ్రినల్ గ్రంథులంటారు. మనసు భయపడగానే ఇవి ఎడ్రినలిన్ అనే పదార్థాన్ని రక్తంలోకి వదులుతాయి. దానితో గుండె వేగంగా కొట్టుకుంటుంది. రక్తం కండరాలకు ఎక్కువగా, జీర్ణకోశానికి తక్కువగా పోతుంది. నోరు ఎండుతుంది, కడుపులో తిప్పుతుంది, మాటిమాటికీ దొడ్డికి వెళ్ళాలనిపిస్తుంది. శరీరం పరుగుపందానికి సిద్ధమయిందన్నమాట. మీరేమో కుర్చీలో కదలకుండా కూర్చోవాలి. వచ్చిన చిక్కల్లా ఇదే.

అయితే ఇంటర్వ్యూ లేని రోజుల్లో కూడా దడ వస్తున్నా, నాలుగు మెట్లెక్కితే ఆయాసం వస్తున్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా అది భయమని సరిపెట్టుకోకండి. మన ఆడవాళ్ళలో రక్తహీనత చాలా ఎక్కువ. గర్భవతి కాని స్త్రీకి హిమోగ్లోబిన్ 12 గ్రాములకు తగ్గితే రక్తహీనతగా లెక్క. థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేసినా దడ వస్తుంది. రెండూ రక్తపరీక్షలో తెలిసేవే.

ఇంకొక హెచ్చరిక. ‘ఇది వేసుకో, చేతులు వణకవు’ అంటూ స్నేహితురాలు ఇచ్చే మాత్రను ముట్టుకోకండి. దడ తగ్గించే మాత్రల్లో కొన్ని ఉబ్బసం ఉన్నవారికి ప్రమాదం తెచ్చిపెడతాయి. నిద్రమాత్రల మత్తు మర్నాటి ఉదయం దాకా వదలకపోవచ్చు. మత్తుగా కనిపించే మనిషికి పసిపిల్లల్ని ఎవరప్పగిస్తారు చెప్పండి?

మిగిలిన రోజుల్లో ఏం చేయాలి?

రోజూ అరగంట చురుగ్గా నడవండి. రాత్రి ఒకే వేళకు పడుకోండి. మధ్యాహ్నం తరువాత కాఫీ, టీ మానండి. సాయంత్రం తాగిన కాఫీ ప్రభావం పడకవేళకు కూడా శరీరంలో మిగిలే ఉంటుంది.

పొద్దున, సాయంత్రం అయిదేసి నిమిషాలు ఊపిరి సాధన చేయండి. మనసులో నాలుగు లెక్కపెడుతూ ముక్కుతో గాలి పీల్చండి, ఆరు లెక్కపెడుతూ నెమ్మదిగా వదలండి. వదలడం ఎంత నిదానమైతే గుండె అంత నెమ్మదిస్తుంది. ఇది సోమవారంనాడు మొదలుపెట్టే పని కాదు సుమా! ముందే అలవాటయి ఉంటేనే ఆ వేళకు అక్కరకొస్తుంది.

ఇక అసలు సాధన. పక్కింటి నాలుగేళ్ళ పిల్లనో, పిల్లవాడినో కూర్చోబెట్టి ఒక కథ చెప్పండి. మీరూ నేలమీద కూర్చోండి. మీ కళ్ళు, పిల్లల కళ్ళు ఒకే ఎత్తులో ఉండాలి. గొంతు పెంచకుండా, చేతులతో అభినయిస్తూ అయిదు నిమిషాలు చెప్పండి. చాలా బడుల్లో ఇంటర్వ్యూలో భాగంగా పిల్లల మధ్య కాసేపు కూర్చోబెడతారు. అక్కడ మీ ఇంగ్లీషు కన్నా మీ నిదానాన్నే ఎక్కువగా గమనిస్తారు. పెద్దవాళ్ళు కంగారుపడితే పసివాళ్ళు ఇంకా బెదురుతారు. పెద్దవాళ్ళు స్థిమితంగా ఉంటే వాళ్ళూ కుదుటపడతారు.

వాళ్ళు అడిగేదేమిటి?

చిన్నపిల్లల చదువూ, ఆరోగ్యమూ వేరుచేయరానివి. 1907లో రోమ్ నగరంలో తన మొదటి పిల్లల బడిని తెరిచి, 1939లో మద్రాసుకు వచ్చి మన ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చిన మరియా మాంటిస్సోరి స్వతహాగా వైద్యురాలే. కనుక ఎదుటివారు పాఠాల గురించి నాలుగడిగితే, పిల్లల క్షేమం గురించీ నాలుగు అడుగుతారు. ఇవి ముందే ఆలోచించుకోండి.

తల్లి వెళ్ళిపోయిందని బిడ్డ గుక్కపట్టి ఏడిస్తే? ‘ఏడవకు, బూచాడొస్తాడు’ అనకూడదు. ‘అమ్మ వెళ్ళిందని బాధగా ఉందా? భోజనాలయ్యాక వస్తుంది’ అని నిజం చెప్పి, పక్కన కూర్చుని, చేతికి ఏదైనా పని ఇవ్వాలి.

నిక్కరు తడుపుకుంటే? పదిమందిలో మందలించకూడదు. చాటుగా మార్చి, సబ్బుతో చేతులు కడుక్కోవాలి, కడిగించాలి.

ఒళ్ళు వెచ్చగా ఉంటే? థర్మామీటరు పెట్టి చూడాలి. 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ గాని, అంతకుమించి గాని ఉంటే జ్వరమే. మిగిలిన పిల్లలకు దూరంగా పడుకోబెట్టి తల్లిదండ్రులకు ఫోను చేయాలి. వాళ్ళతో చెప్పకుండా మందు వేయకూడదు.

గొంతులో ఏదైనా అడ్డం పడితే? గట్టిగా దగ్గుతుంటే దగ్గనివ్వాలి. దగ్గు రాక, ఏడుపు రాక ఉక్కిరిబిక్కిరవుతుంటే ఒకరిచేత 108కి ఫోను చేయించి, బిడ్డను ముందుకు వంచి రెక్కల మధ్య అరచేతి మడమతో అయిదుసార్లు చరచాలి. అప్పటికీ ఊడిపడకపోతే, ఏడాది దాటిన పిల్లలకు వెనకనుంచి పొట్ట చుట్టూ చేతులు వేసి, బొడ్డుకు పైగా అయిదుసార్లు లోపలికీ పైకీ నొక్కాలి. అడ్డం తొలగేదాకా ఇలా మార్చి మార్చి చేయాలి. కనిపించని వస్తువు కోసం నోట్లో వేలు పెట్టి కెలకకూడదు. ఇది చదివితే పూర్తిగా వచ్చే విద్య కాదు. రెడ్ క్రాస్, సెయింట్ జాన్ అంబులెన్స్ వంటి సంస్థలు ప్రథమ చికిత్స నేర్పుతాయి. వీలుచూసుకుని నేర్చుకోండి. ‘నేర్చుకోబోతున్నాను’ అన్నా మంచిమాటే.

తెలియనిది అడిగితే ‘తెలియదండీ, తెలుసుకుంటాను’ అనండి. ఇందులో చిన్నతనం లేదు. మూడేళ్ళ బిడ్డ తనకు ఎక్కడ నొప్పో సరిగా చెప్పలేదు. బిడ్డ పడినా, దెబ్బ తగిలినా దాచకుండా తల్లికి చెప్పే మనిషే అక్కడ కావాలి. తెలియనిదాన్ని తెలుసునని బుకాయించే మనిషి, రేపు తగిలిన దెబ్బనూ దాచవచ్చునని వాళ్ళు అనుకోరూ?

మీరూ కొన్ని అడగవచ్చు. ఒక టీచరుకు ఎంతమంది పిల్లలు? సాయానికి ఆయా ఉంటుందా? ప్రథమ చికిత్స పెట్టె ఎక్కడుంటుంది? ఏ బిడ్డకు ఏ తిండి పడదో రాసి ఉంచారా? బడి వదిలాక బిడ్డను ఎవరికి అప్పగించాలో రాసిపెట్టారా? ఇలా అడిగితే ఎదురుప్రశ్నలు వేస్తోందని మంచి బడివాళ్ళు అనుకోరు. విసుక్కున్నారంటే ఆ బడి గురించి మీరే ఆలోచించుకోవాలి.

ఆనాటి ఉదయం

ఖాళీ కడుపుతో వెళ్ళకండి. అలాగని పూరీలూ వద్దు. రెండు ఇడ్లీలో, కాస్త ఉప్మానో చాలు. కాఫీ అలవాటున్నవారు ఒక్క కప్పుతో ఆపండి. గోరువెచ్చని నీళ్ళు కొద్దికొద్దిగా తాగుతూ ఉంటే గొంతు ఎండదు. మాటిమాటికీ గొంతు సవరించుకోవద్దు, బొంగురు పెరుగుతుంది.

లేచి కూర్చోవడానికి వీలైన నూలు చీరో, చుడీదారో కట్టుకోండి. గోళ్ళు కత్తిరించుకోండి. వేలాడే గొలుసులు, పిన్నీసులు, ఘాటైన సెంటు వద్దు. సర్టిఫికెట్లు ముందురోజు రాత్రే సంచిలో పెట్టుకోండి. అరగంట ముందే చేరేలా బయలుదేరితే చెమట ఆరేందుకు వ్యవధి ఉంటుంది.

ఆ రోజుకే జ్వరం, జలుబు తగులుకుంటే? ఫోను చేసి ఉన్నమాట చెప్పి, మరో రోజు అడగండి. దగ్గుతూ పసిపిల్లల మధ్యకు వెళ్ళడం తప్పు. ఆ సంగతి గ్రహించినందుకే మీమీద గౌరవం పెరగవచ్చు.

లోపలికి వెళ్ళాక గొంతు వణికితే దాచుకోవాలని తంటాలు పడకండి. ‘ఇది నా మొదటి ఇంటర్వ్యూ అండీ, కాస్త కంగారుగా ఉంది’ అనేయండి. అన్న తరువాత సగం బరువు దిగుతుంది. పాదాలు రెండూ నేలకు ఆనించి, నిదానంగా ఒకసారి ఊపిరి వదిలి, అప్పుడు జవాబు మొదలుపెట్టండి.

ఒకవేళ ఈ ఉద్యోగం రాకపోతే రెండు రోజులు బాధగానే ఉంటుంది. వాళ్ళు అడిగిన ప్రశ్నలు మరచిపోకముందే ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. రెండవసారి వెళ్ళేనాటికి అవే మీకు పాఠాలవుతాయి. ఈలోగా పక్కింటి పిల్లకు కథలు చెప్పడం మాత్రం ఆపకండి. ఆ పిల్ల ఎలాగూ ఆపనివ్వదు లెండి!